కీబోర్డ్ లాక్కోకండి

ముందే చెప్పేస్తున్నా, నా తెలుగు అంత గొప్పగా ఉండదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. పదో తరగతి వరకు తెలుగు ఒక సబ్జెక్ట్, అంతే. ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నా. అందులో తొంభై ఎనిమిదో తొంభై తొమ్మిదో వచ్చాయి, ఇప్పుడు సంస్కృతంలో నా పేరు చెప్పమన్నా చెప్పలేను. అందుకని ఈ వ్యాసంలో ఒత్తులూ దీర్ఘాలూ మన క్లబ్ సీనియర్లు దిద్దారు. దిద్ది పంపేస్తే అయిపోయేది, కానీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో తప్పు ఎందుకు తప్పో చెప్పారు. గంటన్నర పట్టింది. అప్పుడు నాకు విసుగొచ్చింది కూడా. కానీ నేను రాయాలనుకున్నది సరిగ్గా ఆ గంటన్నర గురించే.

విషయం ఒక ఎర్రర్. సీఎస్‌ఈ వాళ్ళకి బాగా తెలిసిందే, మిగతా బ్రాంచ్‌ల వాళ్ళు కూడా పైథాన్ ల్యాబ్‌లో చూసే ఉంటారు. టైప్‌ఎర్రర్: స్టూడెంట్ టేక్స్ నో ఆర్గ్యుమెంట్స్.

లాస్ట్ సెమ్, పైథాన్ ల్యాబ్. స్టూడెంట్ అని ఒక క్లాస్ రాయాలి, అందులో పేరు, రోల్ నంబర్ ఉండాలి, ఒక ఆబ్జెక్ట్ చేసి ప్రింట్ చెయ్యాలి. అంతకన్నా సులువైన ప్రోగ్రామ్ ఆ మాన్యువల్‌లో లేదు. నా ల్యాబ్ పార్టనర్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, డైరెక్ట్‌గా సెకండ్ ఇయర్‌లో చేరిన అమ్మాయి. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. సి బాగా చేస్తుంది, నాకంటే బాగా చేస్తుంది. పైథాన్ మాత్రం తనకి కొత్త. ప్రోగ్రామ్ టైప్ చేసి రన్ కొట్టింది, ఎర్రగా ఈ లైన్ వచ్చింది. తను కాసేపు దాన్నే చూసి, "ఇదేంటే, స్టూడెంట్ ఆర్గ్యుమెంట్ చెయ్యకూడదంటోంది? ఇది కూడా మన మేడమ్ లాగే ఉందే" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం.

నవ్వాక తను ఏం చేసిందో చెప్తాను, ఎందుకంటే చాలామంది చేసేది అదే. ఆర్గ్యుమెంట్స్ తీసుకోనంటోంది కదా అని, ఆబ్జెక్ట్ చేసే లైన్లో బ్రాకెట్లో ఉన్న పేరూ, రోల్ నంబరూ తీసేసింది. మళ్ళీ రన్. ఆ ఎర్రర్ పోయింది! కానీ ఇంకో లైన్ కింద ఇంకో ఎర్రర్ వచ్చింది. స్టూడెంట్ ఆబ్జెక్ట్‌కి నేమ్ అనే ఆట్రిబ్యూట్ లేదట. తీసెయ్యమని చెప్పినట్టే చెప్పి, తీసేస్తే లేదని ఏడుస్తోంది. తను నా వైపు చూసింది.

నేను అటు వంగాను. తన చేతి కిందనుంచి కీబోర్డ్ లాగాను. కంట్రోల్ జెడ్ కొట్టి విలువలు వెనక్కి తెచ్చాను. ఇనిట్‌కి ముందొక అండర్‌స్కోర్, వెనకొక అండర్‌స్కోర్ కలిపాను. "ఒక్కోటి కాదు, రెండేసి గీతలు ఉండాలి. ఇప్పుడు రన్ చెయ్" అన్నాను. రన్ అయ్యింది. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. "థాంక్స్ రా" అంది. నేను మహా గొప్ప పని చేసినట్టు నా సిస్టమ్ వైపు తిరిగిపోయాను.

తను ఒక్కో గీతే ఎందుకు పెట్టిందో నేను అడగలేదు. చాలా రోజుల తర్వాత తెలిసింది. మేడమ్ బోర్డు మీద చాక్‌పీస్‌తో రాసినప్పుడు రెండు అండర్‌స్కోర్లు కలిసిపోయి ఒక పొడుగు గీతలాగే ఉంటాయి. అబ్జర్వేషన్ బుక్‌లో పెన్నుతో రాసినా అంతే. ప్రింట్ చేసిన మాన్యువల్లో కూడా చాలా ఫాంట్లలో మధ్యలో ఖాళీ కనిపించదు. తను చూసింది చూసినట్టు రాసింది. మీ రికార్డ్ ఒకసారి తీసి చూడండి, మీరు గీసిన గీత ఒకటో రెండో మీకైనా తెలుస్తుందేమో. పైగా ఐడిల్‌లో డెఫ్ తర్వాత ఏ పేరు రాసినా నీలం రంగులోనే కనిపిస్తుంది. తప్పు పేరైనా నీలమే, ఒప్పు పేరైనా నీలమే. కంటికి ఎక్కడా అనుమానం రాదు.

ఇక ఇంటర్నల్ పరీక్ష. నాది మొదటి బ్యాచ్, తనది రెండోది. తనకి బ్యాంక్ అకౌంట్ ప్రోగ్రామ్ వచ్చింది. పేరు, బ్యాలెన్స్, డబ్బు వెయ్యడం, తియ్యడం. బయటికి వచ్చినప్పుడు మొహం చూస్తేనే అర్థమైంది. అకౌంట్ టేక్స్ నో ఆర్గ్యుమెంట్స్ అని వచ్చిందట. అదే ఎర్రర్! నాకు మొదట కోపం వచ్చింది. "చెప్పాను కదా, గీతలు" అన్నాను.

"నువ్వు చెప్పినట్టే గీతలు లెక్కపెట్టానే. నాలుగూ ఉన్నాయి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగే ఉన్నాయి" అంది.

నలభై నిమిషాలు లెక్కపెట్టిందట. చెరిపి మళ్ళీ పెట్టిందట. మూడేసి గీతలు కూడా పెట్టి చూసిందట. ల్యాబ్‌లో నెట్ ఉండదు, ఫోన్ బయట బ్యాగులో ఉంటుంది. చివరికి అవుట్‌పుట్ లేకుండానే పేపర్ ఇచ్చేసి వచ్చింది. సగం మార్కులు కూడా రాలేదు.

మరుసటి వారం అదే సిస్టమ్ ముందు కూర్చున్నాం. తన ఫైల్ డెస్క్‌టాప్ మీద అలాగే ఉంది. తెరిచి చూశాను. సిగ్గు లేకుండా చెప్తున్నా, నేను కూడా మొదట గీతలే లెక్కపెట్టాను. నాలుగున్నాయి. పది నిమిషాలు పోయాక కనిపించింది. గీతల మధ్య ఐ-ఎన్-ఐ-టి ఉండాల్సిన చోట ఐ-ఎన్-టి ఉంది. ఇనిట్ కాదు, ఇంట్. సి రాసీ రాసీ అలవాటైన వేళ్ళు ఇంట్ అని కొట్టేశాయి. ఒక్క అక్షరం. మిగతా ప్రోగ్రామ్ మొత్తం సరిగ్గా ఉంది. ఆ అక్షరం పెట్టగానే డిపాజిట్, విత్‌డ్రా అన్నీ చక్కగా నడిచాయి. తను స్క్రీన్ వైపు చూస్తూ ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండేది.

ఇక్కడ తప్పు తనదే కదా, స్పెల్లింగ్ తప్పు కొట్టింది కదా అని మీరు అనొచ్చు. స్పెల్లింగ్ తప్పు అందరూ కొడతాం. నా గొడవ అది కాదు. ఆ ఎర్రర్ అర్థం నేను ముందే చెప్పుంటే తను గీతలు లెక్కపెట్టేది కాదు, పేరు మొత్తం చదువుకునేది. నేను తనకి ఇచ్చింది మందు పేరు మాత్రమే, రోగం ఏంటో చెప్పలేదు. తర్వాతిసారి అదే జ్వరం వేరే కారణంతో వచ్చింది, తను అదే మాత్ర నాలుగుసార్లు వేసుకుంది.

ఆ రాత్రి హాస్టల్లో తన మంచం మీద కూర్చుని, "సరే, ఇప్పుడు చెప్తాను విను" అని మొదలుపెట్టాను. "కన్‌స్ట్రక్టర్ ఈజ్ ఎ స్పెషల్ మెథడ్ విచ్..." అని ఆగిపోయాను. తర్వాత ఏముంది? రెండు మార్కుల ప్రశ్నకి నేను రాసే జవాబు అది. నా వైవాలో అది గడగడా చెప్తే సార్ తల ఊపారు కూడా. కానీ తన మొహం చూస్తూ తెలుగులో చెప్పబోతే నోట్లో మాట లేదు. మొదట నా తెలుగు వీక్ కాబట్టి అనుకున్నా. కాదు. మా అమ్మతో గంటలు గంటలు తెలుగులోనే పోట్లాడతాను, అప్పుడు మాటలకి ఏ లోటూ ఉండదు. ఆ విషయమే నాకు తెలీదు. ఇంగ్లీష్‌లో ఆ వాక్యం తెలుసు కాబట్టి విషయం తెలుసని ఇన్నాళ్ళూ అనుకున్నాను. విలువలు ఇచ్చినప్పుడు పైథాన్ వాటిని ఎవరికిస్తుంది, ఆ ఎర్రర్ అసలు ఎవరంటున్నారు, ఇవేవీ నేను ఎప్పుడూ అడగలేదు.

ఇద్దరం ఆ రాత్రి కూర్చుని తెలుసుకున్నది ఇది. మనం క్లాస్ పేరు రాసి, బ్రాకెట్లో రెండు విలువలిచ్చి ఆబ్జెక్ట్ చెయ్యమంటాం. పైథాన్ ఆ క్లాస్‌లో ఒక పేరు కోసం వెతుకుతుంది: రెండు అండర్‌స్కోర్లు, ఇనిట్, మళ్ళీ రెండు అండర్‌స్కోర్లు. అచ్చంగా ఆ పేరే కావాలి. ఉంటే మన విలువలు దాని చేతిలో పెడుతుంది. లేకపోతే అక్కడ అరవదు, పైకి వెళ్తుంది. పైథాన్ 3లో ప్రతి క్లాసూ, మనం రాసినా రాయకపోయినా, ఆబ్జెక్ట్ అనే మూల క్లాస్ నుంచే వస్తుంది. దానికీ ఒక ఇనిట్ ఉంది, కానీ అది బయటినుంచి ఏ విలువలూ తీసుకోదు. అందుకే టేక్స్ నో ఆర్గ్యుమెంట్స్. ఇంకో తిరకాసు ఏంటంటే, ఎర్రర్‌లో చూపించే లైన్ నంబర్ మనం ఆబ్జెక్ట్ చేసిన లైన్‌ది. తప్పున్నదేమో ఎక్కడో పైన, డెఫ్ దగ్గర. చూపించిన లైన్ ఎంతసేపు చూసినా అందులో తప్పు దొరకదు, ఎందుకంటే అందులో తప్పు లేదు.

నేను ఇదంతా ముక్కలు ముక్కలుగా చెప్తుంటే తను మధ్యలో ఆపింది. "అంటే మా ఊరికి కొరియర్ వచ్చినట్టు" అంది.

నాకు అర్థం కాలేదు. తను చెప్పింది. వాళ్ళ ఊళ్ళో కొరియర్ అబ్బాయి ఇంటి ముందుకొచ్చి పార్సిల్ మీదున్న పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పేరు గల మనిషి ఇంట్లో ఉంటే వచ్చి తీసుకుంటారు. లోపల మనుషులున్నా సరే, ఆ పేరు వాళ్ళు కాకపోతే ఎవరూ పలకరు. అప్పుడు అరుగు మీద కూర్చున్న తాతయ్య, "మా ఇంట్లో ఎవరూ ఏమీ తెప్పించుకోలేదు బాబూ, తీసుకెళ్ళు" అంటాడు. ఆ తాతయ్యే ఆబ్జెక్ట్. ఇంట్లో ఇంట్ అనే మనిషి ఉన్నాడు, కానీ పిలిచింది ఇనిట్‌ని. వాడు పలకడు. పలకాల్సిన పని కూడా లేదు.

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత బాగా లేదు. పరీక్షించి చూశాం, ఎక్కడా తేడా రాలేదు. విలువలు తీసేస్తే ఎర్రర్ ఎందుకు పోయింది? కొరియర్ వాడు ఖాళీ చేతులతో వచ్చి పలకరించాడు, తాతయ్య సరేనన్నాడు. మరి తర్వాత నేమ్ లేదని ఎందుకంది? పార్సిల్ ఇంట్లోకి వెళ్ళనేలేదు కదా, లోపల వెతికితే ఎలా ఉంటుంది! పాత పైథాన్ వెర్షన్లలో ఇదే తప్పుకి ఆబ్జెక్ట్ టేక్స్ నో పారామీటర్స్ అని వచ్చేదట. అంటే తాతయ్య తన పేరుతోనే జవాబు చెప్పేవాడు, ఇప్పుడు ఇంటి పేరు మీద చెప్తున్నాడు. పాత మెసేజ్ చూసినవాళ్ళు ఇంకెంత తికమక పడ్డారో, వాళ్ళ ప్రోగ్రామ్‌లో ఆ ఆబ్జెక్ట్ ఎవరో వాళ్ళకి తెలీదు కదా.

ఇప్పుడు నా అభిప్రాయానికి వస్తాను. ఒకరు ఎర్రర్‌తో ఇరుక్కుంటే మనం చేసే సాయం చాలావరకు సాయం కాదు. మనకి తెలుసని చూపించుకోవడం. కీబోర్డ్ లాక్కోవడంలో ఒక సరదా ఉంది, ఒప్పుకుందాం. టకటకా కొట్టి రన్ అయ్యేసరికి అవతలివాళ్ళు "వావ్" అంటే బాగుంటుంది. నాకు బాగుంది. ఎర్రర్ కాపీ చేసి ఏఐ చాట్‌లో పేస్ట్ చేస్తే అది కూడా ఇదే చేస్తుంది, సరిచేసిన కోడ్ మొత్తం చేతిలో పెడుతుంది. ఏఐ వల్ల స్టూడెంట్స్ ఆలోచించడం మానేశారని మన సెమినార్ హాల్లో ఎన్నిసార్లు విన్నామో. ఆ రోజు ల్యాబ్‌లో ఏఐ లేదు, నేనే ఉన్నాను. పైగా ఏఐ అయినా అడిగితే కారణం చెప్తుంది. నేను అడిగే సందు కూడా ఇవ్వలేదు.

మెసేజ్ ఇంకా మంచిగా ఉండొచ్చు కదా అని మా క్లాస్‌లో ఒకడు వాదించాడు. నిజమే, పైథాన్ 3.10 నుంచి కొన్ని స్పెల్లింగ్ తప్పులకి "ఇది అనబోయారా?" అని అదే అడుగుతోంది. వేరియబుల్ పేరో, ఆట్రిబ్యూట్ పేరో కొంచెం తప్పు కొడితే దగ్గర పేరు చూపిస్తుంది. కానీ ఇక్కడ అలా అడగదు. రెండేసి గీతల మధ్య ఇంట్ అని రాయడం తప్పేమీ కాదు, పైథాన్‌లో అది నిజంగానే ఉన్న పేరు, ఆబ్జెక్ట్‌ని పూర్ణసంఖ్యగా మార్చడానికి వాడతారు. ఒక్కో గీత పెట్టి ఇనిట్ అని రాసినా తప్పు కాదు, మన సొంత మెథడ్‌కి మన ఇష్టం వచ్చిన పేరు. మనం ఏం రాయబోయి ఏం రాశామో మెషిన్‌కి తెలీదు. జావాస్క్రిప్ట్ అయితే ఇంకా ఘోరం. కన్‌స్ట్రక్టర్ అనే మాటలో ఒక అక్షరం ఎగిరిపోయినా ఏ ఎర్రరూ ఇవ్వదు, మనమిచ్చిన విలువలు చప్పుడు లేకుండా పారేస్తుంది, ఎప్పుడో తర్వాత అన్‌డిఫైన్డ్ అని కనిపిస్తుంది. దానితో పోలిస్తే పైథాన్ తాతయ్య చాలా మర్యాదస్తుడు, వచ్చిన పార్సిల్ వెనక్కి పంపిస్తున్నానని గట్టిగా చెప్తాడు. మనం ఏం రాయబోయామో తెలిసే అవకాశం ఉన్నది పక్క సీట్లో ఉన్న మనిషికే.

తెలుగులో చెప్పాలంటే టెక్నికల్ మాటలు లేవు కదా అంటారు ఇంకొంతమంది. నేనూ అనేదాన్ని. దీనికి రెండు రకాల వాళ్ళ మీద నాకు కంప్లైంట్ ఉంది. ఒకరు నాలాంటి ఇంగ్లీష్ మీడియం బ్యాచ్, "తెలుగులో కుదరదు" అని అసలు మొదలే పెట్టరు. ఇంకొకరు ప్రతి మాటకీ ఒక కొత్త తెలుగు మాట పుట్టిస్తేనే తెలుగులో చెప్పినట్టు అనుకుంటారు. కన్‌స్ట్రక్టర్‌ని నిర్మాణి అంటే మా పార్టనర్‌కి ఏం ఒరుగుతుంది? తనకి ఆబ్జెక్ట్, క్లాస్, రన్ అనే మాటలతో ఏ ఇబ్బందీ లేదు, సిలో ఫంక్షన్లు రాసిన మనిషి. ఆర్గ్యుమెంట్ దగ్గర మాత్రం ఒక్క వాక్యం కావాలి: ఇక్కడ ఆర్గ్యుమెంట్ అంటే వాదన కాదు, మనం చేతికిచ్చే విలువ. సి క్లాస్‌లో ఆ మాట వినే ఉంటుంది, కానీ ఆ ఎర్ర లైన్ చూసిన కంగారులో గుర్తొచ్చింది పోట్లాటే. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి నాకు నిఘంటువు అక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు. నేను తెరవలేదు.

టైమ్ ఎక్కడుంది అనేవాళ్ళకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. మూడు గంటల ల్యాబ్, అరవై మంది, ఒక్క మేడమ్, చివర్లో రికార్డ్ సంతకాల కోసం క్యూ. ఒక్కో ఎర్రర్‌కి కథలు చెప్తూ కూర్చుంటే ప్రోగ్రామ్ ఎప్పుడవుతుంది? హ్యాకథాన్‌లో రాత్రి మూడింటికి నా టీమ్‌మేట్ కోడ్ ఆగిపోతే నేను కూడా సరిచేసి పడేస్తాను, కొరియర్ కథ చెప్పను. అక్కడ పని జరగాలి. కానీ ల్యాబ్ ఉన్నది ప్రోగ్రామ్ అవ్వడానికి కాదు కదా, ఆ బ్యాంక్ అకౌంట్‌తో ఎవరూ డబ్బులు దాచుకోరు. నేను మిగిల్చిన పది నిమిషాలకి తను పరీక్షలో నలభై నిమిషాలు కట్టింది. నా పది నిమిషాలు, తన నలభై.

అందుకని మేమిద్దరం ఒక పాత లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాం. కొత్త ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ మెసేజ్ ఉన్నదున్నట్టు రాసి, కింద తెలుగులో అది ఏమంటోందో రాస్తాం. ఎలా సరిచెయ్యాలో రాయం, అది రూల్. ఇప్పటికి పదకొండు అయ్యాయి. మిస్సింగ్ వన్ రిక్వైర్డ్ పొజిషనల్ ఆర్గ్యుమెంట్ కింద, "మనిషి ఉన్నాడు, పలికాడు, రెండు పార్సిళ్ళు రావాలంటే ఒకటే వచ్చింది" అని ఉంది. నాకు బాగా నచ్చింది ఇంకోటి. రెండే తీసుకుంటాను, మూడు ఇచ్చారు అనే ఎర్రర్. మనం ఇచ్చింది చూస్తే రెండే! మూడోది ఎవరిచ్చారు? పైథాన్ ఇచ్చింది. అప్పుడే తయారైన ఆబ్జెక్ట్‌ని మనకి చెప్పకుండా అన్నిటికంటే ముందు తనే అందిస్తుంది, దాన్ని పట్టుకోవడానికే సెల్ఫ్ రాస్తాం. నేను ఒక సెమిస్టర్ మొత్తం సెల్ఫ్ అని ఎందుకు రాస్తున్నానో తెలీకుండా రాశాను. "రాయకపోతే ఎర్రర్ వస్తుంది" అని మాత్రం తెలుసు.

డేట్‌టైమ్‌ది ఇంకా సరదాగా ఉంటుంది. డేట్‌టైమ్ ఇంపోర్ట్ చేసి, వెంటనే బ్రాకెట్లో సంవత్సరం, నెల, తారీఖు ఇచ్చి ఆబ్జెక్ట్ చెయ్యబోతే, మాడ్యూల్ ఆబ్జెక్ట్ ఈజ్ నాట్ కాలబుల్ అంటుంది. డేట్‌టైమ్ అనే మాడ్యూల్ లోపల డేట్‌టైమ్ అనే పేరుతోనే ఒక క్లాస్ ఉంది. తను రాసింది: "వీధి పేరూ ఇంటి పేరూ ఒకటే. మనం వీధిని పట్టుకుని పార్సిల్ తీసుకోమంటున్నాం."

నోట్‌బుక్ మా రూమ్‌లో ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. కానీ ఫోటోలు తీసి గ్రూప్‌లో పెట్టమంటే పెట్టం. అడిగాం ఇద్దరం ఒకరినొకరు, పెడదామా అని. పెడితే మళ్ళీ అది కాపీ కొట్టుకునే ఇంకో మాన్యువల్ అయిపోతుందని తను అంది. మీ పార్టనర్‌తో మీరే రాసుకోండి, మీ ఊరి కొరియర్ వాడు వేరేలా ఉంటాడేమో.

ఈ సెమ్ మాకు జావా ల్యాబ్. పోయిన గురువారం మళ్ళీ స్టూడెంట్ క్లాస్. ఈసారి ఎర్రర్ వచ్చింది నాకు. కన్‌స్ట్రక్టర్ స్టూడెంట్ ఇన్ క్లాస్ స్టూడెంట్ కెనాట్ బి అప్లైడ్ టు గివెన్ టైప్స్. కింద ఇంకా మూడు లైన్లు. కావాల్సింది ఏమీ లేదట, వచ్చింది స్ట్రింగ్, ఇంట్ అట. నేను ఆబ్జెక్ట్ చేసిన లైన్ చూస్తూ కూర్చున్నాను, బాణం గుర్తు దాన్నే చూపిస్తోంది మరి. స్పెల్లింగ్ సరిపోయింది. పెద్దక్షరం, చిన్నక్షరం సరిపోయాయి. సంతకాల క్యూ మొదలైంది. పక్కకి తిరిగి, "నువ్వు చూడవా ఒకసారి" అని కీబోర్డ్ తన వైపు తోశాను.

తను చేతులు కట్టుకుంది. "చదువు" అంది.

చదివాను. "అలా కాదు, తెలుగులో చదువు" అంది. ఇంటికి రెండు పార్సిళ్ళు వచ్చాయి, ఇంట్లో వాళ్ళు ఏమీ తెప్పించుకోలేదంటున్నారు అన్నాను. "అయితే ఇంట్లో ఎవరెవరున్నారో చూసిరా." పైకి వెళ్ళి ఒక్కో పేరూ చదివాను. స్టూడెంట్ అని ఉంది. ఉందిగా! మళ్ళీ చదివాను, ఈసారి లైన్ మొదటినుంచి. పబ్లిక్, వాయిడ్, స్టూడెంట్. వాయిడ్ ఎందుకుంది అక్కడ? రిటర్న్ టైప్ రాస్తే జావాకి అది కన్‌స్ట్రక్టర్ కాదు, క్లాస్ పేరే పెట్టుకున్న మామూలు మెథడ్. మనం కన్‌స్ట్రక్టర్ రాయలేదనుకుని అదే ఖాళీది ఒకటి పెట్టుకుంది. ఈ తాతయ్య కూడా ఏమీ తీసుకోడు.

వాయిడ్ తీసేశాను, రన్ అయ్యింది. క్యూలో మాది ఆఖరి నంబర్.

"నీకు ముందే కనిపించిందా?" అని అడిగాను.

"నువ్వు టైప్ చేస్తున్నప్పుడే" అంది.